మా వీధి చివర సముద్రం

2025లో సంక్రాంతి వెళ్లిన వారం. సాయంత్రం దీపం పెట్టే వేళకు మా వీధి కుర్రాడొకడు కాగితాల కట్ట పట్టుకుని వచ్చాడు. మన తెలుగువాళ్ల పిల్లాడే. నన్ను పెద్దమ్మా అని పిలుస్తాడు. "పెద్దమ్మా, మీరే మొదటి సంతకం పెట్టాలి. మీరు పెడితే వీధంతా పెడుతుంది" అన్నాడు.

ఏమిటా అని కళ్లజోడు పెట్టుకుని చదివాను. మా వీధి చివర, రోడ్డు దాటితే సముద్రపు రాళ్లు. ఆ రాళ్ల మధ్య మనిషి దిగేంత సందు ఒకటుంది. పొంగల్ సెలవుల్లో ఇద్దరు పిల్లలు అక్కడ దిగి కొట్టుకుపోబోతే, వలలు బాగుచేసుకుంటున్న జాలరులు చూసి లాగారట. కాబట్టి ఆ సందుకు ఇనుప కంచె వేసి, ఎవరూ దిగకుండా మూసెయ్యమని కార్పొరేషన్‌కు అర్జీ.

మొదటి సంతకం నన్నే ఎందుకడిగాడో నాకు తెలుసు. మా వీధిలో పాతవాళ్లందరికీ తెలుసు. కలం చేతిలోకి తీసుకున్నాను. పెట్టలేకపోయాను. "రేపు రా నాయనా" అని పంపేశాను. ఆ రేపు రావడానికి చాలా రోజులే పట్టింది. ఎందుకు పట్టిందో మీతో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

మాది రాయపురం. మద్రాసులో తెలుగువాళ్లంటే బయటివాళ్లు త్యాగరాయనగర్ అనుకుంటారు, సినిమావాళ్లనుకుంటారు. మాలాంటి పాతకాపులు ఉత్తర మద్రాసులో తరాల తరబడి ఉన్నారు. ఇక్కడ సూర్యనారాయణ చెట్టి వీధి ఉంది. దక్షిణాదిన మొట్టమొదటి రైలు 1856లో బయలుదేరింది మా రాయపురం స్టేషన్ నుంచే. ఆ పాత స్తంభాల కట్టడం ఇప్పటికీ ఉంది. చుట్టాలెవరొచ్చినా మా నాయన వాళ్లను ముందు అక్కడికే తీసుకెళ్లి చూపించేవాడు, తనే కట్టించినట్టు.

మా తాత మాత్రం రైల్లో రాలేదు. నెల్లూరు వైపు నుంచి పడవలో వచ్చాడు. బకింగ్‌హాం కాలువ అని మీరు వినే ఉంటారు. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు చిన్న కాలువగా మొదలై, క్రమంగా అటు పెదగంజాం దాకా, ఇటు మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగింది. 1877, 78 నాటి కరువులో కూలి పనిగా నగరం మధ్య కూవానికి, అడయారుకు మధ్య ముక్క తవ్వి కలిపారు. అప్పటి గవర్నరు పేరే దానికి పెట్టారు. ఆ కాలువ మీద నెల్లూరు మొలకొలుకుల బియ్యం, ఉప్పు, కట్టెలు మద్రాసుకు వచ్చేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగడం. మా తాత ఆ తాడు లాగినవాడే. భుజం మీద కాయ కాసిన మచ్చ చూపించేవాడు. "నీళ్లు మనల్ని ఇక్కడికి తెచ్చాయిరా, నీళ్లను చూసి భయపడకూడదు" అనేవాడు మాతో. ఆ మాట మా ఇంట్లో 1966 దాకా చెల్లింది.

ఇక్కడ మా సముద్రం గురించి కొంచెం చెప్పాలి. మెరీనా అంటే అందరికీ తెలుసు. ఇసుకలో అంత దూరం నడిస్తే గాని నీళ్లు అందవు. మా వైపు ఇసుకే లేదు, రాళ్లే. ఇది దేవుడు చేసిన తేడా కాదు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతుంటాయి. 1870ల్లో మద్రాసు హార్బరుకు సముద్రంలోకి రాతి చేతులు కట్టడం మొదలెట్టారు. దాంతో ఆ ఇసుకకు దారి అడ్డం పడింది. హార్బరుకు దక్షిణాన ఇసుక మేట వేసి మెరీనా పెరిగింది. ఉత్తరాన ఉన్న మాకు రావలసిన ఇసుక రావడం మానేసింది, ఉన్నది కోసుకుపోయింది. ఒకే గోడ ఒకరికి బీచి ఇచ్చి, ఇంకొకరికి కోత పెట్టింది. ఊళ్లను కాపాడ్డానికి మా వైపు రాళ్లు పోస్తూ వచ్చారు. తర్వాత సముద్రంలోకి అడ్డుకట్టలు కట్టారు. వాటి మధ్య అక్కడక్కడా కొంచెం ఇసుక తిరిగి చేరింది.

నా చిన్నప్పుడు ఆ రాళ్ల మధ్య చాపంత ఇసుక ముక్కలుండేవి. వేసవి సెలవుల్లో అవే మా ఆటస్థలాలు. రాబిన్‌సన్ పార్కు ఉండేది గాని అందులో ఎప్పుడూ ఏదో ఒక మీటింగు. 1949లో డి.ఎం.కె. పార్టీ పుట్టిన సభ జరిగింది అక్కడే. మా పిల్లల గుంపుకు సముద్రమే దిక్కు.

1966 మే నెల. నాకు పదమూడేళ్లు, మా తమ్ముడికి తొమ్మిది. ఆ రోజు సముద్రం కోపంగా లేదు. అదే నాకు ఏళ్ల తరబడి అర్థం కాలేదు. రాళ్ల వరుస పక్కన నీళ్లు నిలకడగా, అద్దంలా ఉన్నాయి. అటుపక్క అలలు విరుగుతున్నాయి గనక తమ్ముడు తెలివిగా ఇటుపక్కే దిగాడు. మోకాలి లోతు. నేను ఒడ్డున గవ్వలు ఏరుతున్నాను. "అక్కా" అని ఒక్కసారి వినబడింది. తలెత్తేసరికి వాడు నేను పరుగెత్తి అందుకోలేనంత దూరంలో ఉన్నాడు. నాకు ఈత రాదు. నేను అరిచాను. చేతిలో గవ్వలు అలాగే ఉన్నాయి. ఒక జాలరి కట్టుమరం తోసుకుని వెళ్లి తీసుకొచ్చాడు. ఆలస్యమైంది.

ఆ జాలరి మా ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. మా నాయన ఆయన చేతులు పట్టుకుని దండం పెట్టాడు. నాకా రోజు గుర్తున్నదంతా ఇదే.

తర్వాత అమ్మ ఒక నియమం పెట్టింది. ఇంట్లో ఎవరూ సముద్రం వైపు వెళ్లకూడదు. చేపలు తినడం మానేసింది. తూర్పు కిటికీ మూయించింది. నాకు పెళ్లయి అదే వీధిలో కాపురం పెట్టినా ఆ నియమం నాతో వచ్చింది. సముద్రానికి నాలుగు ఫర్లాంగుల దూరంలో బతుకుతూ నా ముగ్గురు పిల్లల్నీ పాదం తడవకుండా పెంచాను. స్కూల్లో ఎవరో ఈత నేర్పిస్తామంటే వద్దన్నాను. నీళ్లకు దూరంగా ఉంచడమే కాపాడ్డం అనుకున్నాను.

2004 డిసెంబర్ 26 ఆదివారం నాడు సునామీ వచ్చినప్పుడు నా నియమమే గెలిచిందనుకున్నాను. కాశిమేడు రేవులో పడవలు ఒకదాని మీద ఒకటి పడి విరిగిపోయాయి. జాలరుల ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ మా వీధిలోకి పరుగెత్తుకొచ్చారు. వాళ్లకు వండి పెట్టాం. "ఇంకెప్పుడూ ఆ ఒడ్డుకు పోవద్దు" అన్నాను ఒకామెతో, ఉచితంగా వచ్చిన సలహా. ఆమె నన్ను వింతగా చూసి, "మరి తినేదెట్లా అక్కా?" అంది అరవంలో. నాకు సమాధానం లేకపోయింది.

2015 డిసెంబర్‌లో అడయారు పొంగి దక్షిణ చెన్నై మునిగినప్పుడు, మా జాలరులు ఫైబరు పడవల్ని లారీల మీదికి ఎక్కించుకుని వెళ్లారు. మేడల మీద చిక్కుకున్నవాళ్లను దింపుకొచ్చారు. 2023లో మిచౌంగ్ తుఫానుకు కూడా అంతే. ఇంత పెద్ద ఊళ్లో నీళ్లు మీదికొస్తే ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు, రోజూ నీళ్లలో ఉండేవాళ్లే. నాలాగా కిటికీ మూసుకున్నవాళ్లం పైకప్పు మీద నిలబడి చేతులు ఊపుతున్నాం.

2016లో మా చిన్నమ్మాయికి పురుడు పోయడానికి లండన్ వెళ్లాను. మీలో చాలామంది వెళ్లే ఉంటారు ఇలాంటి డ్యూటీ మీద. పగలంతా పథ్యం వంటలు, పిల్లాడికి నూనె రాయడాలు. సాయంత్రం పూట అల్లుడు "అత్తయ్యా, కాస్త గాలి పోసుకుని రండి" అని నన్ను థేమ్స్ ఒడ్డుకు తీసుకెళ్లేవాడు. నాకేమో నీళ్లంటే పడదు. గోడకు నాలుగడుగుల ఇవతలే నడిచేదాన్ని.

వాటర్లూ వంతెన దగ్గర నీళ్ల మీద తేలే చిన్న ఆఫీసు ఒకటుంది. దాని పక్కన నారింజ, నీలం రంగుల పడవ. చూస్తుండగానే నలుగురు పరుగెత్తుకొచ్చి ఎక్కారు, పడవ దూసుకుపోయింది. ఏమిటని అడిగితే, ఎవరో నీళ్లలో పడ్డారని ఫోను వచ్చి ఉంటుంది, పిలుపు వచ్చిన ఒకటిన్నర నిమిషంలో బయలుదేరాలని వాళ్ల లక్ష్యం అని చెప్పాడు. నేను గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఒకటిన్నర నిమిషం! నా చెవిలో "అక్కా" అన్న పిలుపు ఎంతసేపు ఉందో నాకు తెలుసు.

తర్వాత అల్లుడు, నేను కూర్చుని దాని చరిత్ర చదివాం. థేమ్స్‌కు పోలీసులు 1798 నుంచీ ఉన్నారు. వాపింగ్ అనే చోట పెట్టారు, ఓడల సరుకు దొంగల కోసం. సరుకుకు కాపలా అప్పుడే వచ్చింది గాని, మనుషుల ప్రాణాలకని ప్రత్యేకంగా లైఫ్‌బోట్లు రావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. 1989 ఆగస్టు 20న మార్షియొనెస్ అనే షికారు పడవలో పుట్టినరోజు పార్టీ జరుగుతుండగా ఇసుక తోడే ఓడ వచ్చి గుద్దింది. 51 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది పడుచువాళ్లు. విచారణలు జరిగాయి, చనిపోయినవాళ్ల కుటుంబాలు ఏళ్ల తరబడి పోరాడాయి. చివరికి 2002 జనవరిలో నదిపై నాలుగు చోట్ల లైఫ్‌బోట్ స్టేషన్లు మొదలయ్యాయి. ఆ నడిపే సంస్థ 1824లో పుట్టింది, జనం చందాల మీదే ఎక్కువగా నడుస్తుంది.

నన్ను ఆలోచింపజేసింది ఇది. యాభై ఒక్కమంది పోయాక కూడా వాళ్లు నదిని మూసెయ్యలేదు. ఒడ్డున నడక దారి అలాగే ఉంది, షికారు పడవలు తిరుగుతున్నాయి. గోడల వెంట ప్రాణరక్షక చక్రాలు వేలాడుతున్నాయి, నీళ్లలో పడవ సిద్ధంగా ఉంది. బళ్లో ప్రాథమిక తరగతులు పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా పిల్లాడూ 25 మీటర్లయినా ఈదగలగాలని వాళ్ల పాఠ్యప్రణాళికలోనే రాసి ఉంది.

మనకూ అనుభవాలు తక్కువేం కాదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల షికారు పడవ మునిగి దాదాపు యాభైమంది పోయారు. ఆ వార్త టీవీలో చూస్తూ ఇంటింటా ఏడ్చాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో మూడు లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. వాళ్లలో పసిపిల్లలు, బడి ఈడు పిల్లలు చాలామంది. ఐక్యరాజ్య సమితి 2021లో ఏటా జులై 25ను దీనికోసం ఒక దినంగా ప్రకటించింది. అంటే మా తమ్ముడు ఒంటరివాడు కాదన్నమాట. ఇన్నేళ్లూ అది మా ఇంటి కర్మ అనుకున్నాను.

మళ్లీ ఆ అర్జీ దగ్గరికి వస్తాను. కుర్రాడు మర్నాడు రాలేదు, నేనే ఆదివారం వీధి మీటింగుకు వెళ్లాను. మారియమ్మ గుడి పక్కన కుర్చీలు వేశారు. రెండు పక్షాలు. కంచె వేసి మూసెయ్యాలని ఒకరు. ఉత్తర చెన్నై అభివృద్ధి పథకం 2024 మార్చిలో మొదలైంది కదా, కాశిమేడు తీరాన్ని కూడా బాగుచేస్తామంటున్నారు కదా, మనకూ మెరీనాలా బెంచీలు, దీపాలు, ఐస్‌క్రీము బళ్లు కావాలని ఇంకొకరు. ఆ రెండింటికీ మధ్య ఎవరూ మాట్లాడ్డం లేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక జాలరి యువతి లేచింది. "ఆ సందులోంచే మా వాళ్లు రోజూ వలలు మోసుకొస్తారు. కంచె వేస్తే మేం ఎటు పోవాలి? బెంచీలు వేస్తే వల ఎక్కడ ఆరబెట్టాలి? పిల్లల్ని లాగింది మా నాన్నే. ఆయన ఆ రోజు అక్కడ లేకపోతే మీ కంచె లాగేదా?" అంది.

ఆ మాటతో నేను లేచాను. మీటింగుల్లో మాట్లాడే అలవాటు లేదు, కాళ్లు వణికాయి. "మా తమ్ముడు పోయింది అక్కడే" అన్నాను. అందరికీ తెలిసిందే, అయినా నా నోట ఎవరూ వినలేదు. "నేను యాభై ఎనిమిదేళ్లు కంచె వేసుకునే బతికాను. మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు. ఆ వేళ నీళ్లు నిలకడగా ఉన్న చోటే ప్రమాదమని చెప్పినవాళ్లు లేరు, విసరడానికి తాడు లేదు. ఆ సందు మూస్తే పిల్లలు పక్క రాళ్ల మీంచి దిగుతారు, అక్కడ నాచు ఇంకా ఎక్కువ. మూయమని కాదు, మనిషిని పెట్టమని అడుగుదాం" అన్నాను.

చప్పట్లు కొట్టారని రాస్తే బాగుంటుంది గాని, కొట్టలేదు. పొంగల్ రోజు కొట్టుకుపోబోయిన పిల్లల్లో ఒకడి తల్లి లేచి, "మీకు చెప్పడం సులువు, నాకు రాత్రి నిద్ర రావడం లేదు" అంది. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. నాకు ఎన్నేళ్లు నిద్ర రాలేదో ఆమెకు చెప్పాను. ఆమె ఇప్పటికీ కంచె పక్షమే. ఆమెను తప్పు పట్టలేను.

చివరికి రెండు అర్జీలు వెళ్లాయి. రెండోది మా కోడలు కంప్యూటర్లో తమిళంలో కొట్టిపెట్టింది. అందులో అడిగినవి పెద్ద కోరికలేం కాదు. రాళ్ల మీంచి దిగకుండా ఒక్క చోట పట్టుకునే కమ్మీతో మెట్లు. తాడు కట్టిన ప్రాణరక్షక చక్రాలు రెండు. సాయంత్రాలు, ఆదివారాలు, సెలవు రోజుల్లో జీతం మీద ఇద్దరు జాలరి యువకులు, వాళ్లకొక పడవ. మెరీనాలో తీర భద్రతా దళంవారు ఇలాగే ప్రాణరక్షకుల్ని పెట్టారు, అదే మాకూ ఇమ్మని. ఒక దీపం. వలలు ఆరబెట్టే స్థలం జోలికి వెళ్లకుండా ఉండడం. ఏ రోజు దిగకూడదో తెలిపే జెండా, తమిళం, తెలుగు, హిందీ మూడింటిలోనూ బోర్డు. అల తోసుకొచ్చిన నీరు తిరిగి వెళ్లే దారి రాతి కట్ట పక్కనే ఉంటుంది, అక్కడ అల విరగదు గనక ప్రశాంతంగా కనబడుతుంది, లాగితే ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి, చూసేవాళ్లు వెంటనే దూకకుండా తేలే వస్తువు విసరాలి. ఇది బోర్డు మీద రాయమని అడిగాను. తొమ్మిదేళ్ల పిల్లాడికి అర్థమయ్యే మాటల్లో రాయమన్నాను.

నగరానికి 2026 నుంచి 2046 దాకా మూడో బృహత్ ప్రణాళిక కోసం ప్రజల అభిప్రాయాలు కూడా అడిగారు కదా. 1970ల్లో కూవంలో పడవ షికార్లు పెట్టి, రేవులు కట్టి, అవి ఎక్కువకాలం సాగక మూలపడడం మా తరం చూసింది. కట్టడం సులువు, కాపలా ఉంచడమే కష్టం. ప్రణాళిక వేసేవాళ్లు రాళ్లకు, దీపాలకు ఖర్చు రాసేటప్పుడు, ఆ పడవలో కూర్చునే మనిషి జీతం కూడా ప్రతి ఏటా రాయాలి. ఇది ఇల్లు నడిపే ఏ ఆడదైనా చెబుతుంది. మిక్సీ కొనడం ఒక రోజు పని, వంట రోజూ పని.

జవాబు ఇంకా రాలేదు. ఈలోగా మేమే చందాలేసుకుని ఒక చక్రం, యాభై అడుగుల తాడు కొన్నాం. సందు దగ్గర స్తంభానికి కట్టాం. వారం తిరక్కుండా తాడు మాయం. మళ్లీ కొన్నాం. ఇప్పుడది ఎదురుగా ఉన్న టీ కొట్టులో మేకుకు వేలాడుతోంది. కొట్టు తెల్లవారుజామున నాలుగుకు తీస్తారు, రాత్రి పదింటికి మూస్తారు. ఆ ఆరు గంటలూ ఏం చెయ్యాలో ఇంకా తేలలేదు. జాలరి పెద్దాయన మా వీధి పిల్లలకు ఆదివారం పొద్దున చక్రం ఎలా విసరాలో నేర్పుతున్నాడు. నేనూ విసిరాను. పది అడుగులు కూడా పోలేదు, అందరూ నవ్వారు.

ఆగస్టులో చిన్నమ్మాయి పిల్లాడితో వచ్చింది. నేను నూనె రాసిన ఆ పసివాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. సముద్రం చూస్తానని పేచీ పెట్టాడు. అమ్మాయి నా మొహం చూసింది. నేనే వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. రాళ్ల దగ్గర నిలబడి అటూ ఇటూ చూసి, "అమ్మమ్మా, ఇక్కడ రింగు ఎక్కడుంటుంది?" అని అడిగాడు, తన ఊళ్లో అడిగినట్టే.

"అదిగో, టీ కొట్టులో" అన్నాను.

వాడు తల తిప్పి చూసి, సరే అన్నట్టు తలూపాడు. జాలరి పెద్దాయన ముందు దిగి, ఏ రాయి మీద కాలు పెట్టాలో చూపించాడు. నేను చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మూడో మనిషిగా దిగాను. నీళ్లు పాదాల దాకా వచ్చాయి. ఇంత చల్లగా ఉంటాయని మరిచిపోయాను.

ఇంటికొచ్చాక తూర్పు కిటికీ తెరవబోతే రాలేదు. అన్నేళ్ల రంగు అంటుకుపోయి ఉంది. వడ్రంగిని పిలవాలి.